గడియారం పక్కన నంబరు

ఆ నంబరు తీసెయ్ మల్లేశా. ఫ్యాను మార్చొద్దు, దుమ్ము దులపొద్దు, ఇంగేమీ చెయ్యొద్దు. స్క్రీను మీద కింద, గడియారం పక్కన కనపడ్తాందే యాభై మూడని, అది పోవల్ల. దానికోసరమే నిన్ను నంద్యాల నుంచి పిలిపిచ్చింది.

కూచో ముందు. నీళ్ళు తాగు. బస్టాండు నుంచి నడిచే వచ్చినట్లుండావు, మొగమంతా కమిలిపోయింది. ఆ స్టూలు మీద వద్దప్పా, దాని కాలు ఊగుతాది. ఈ కుర్చీ లాక్కో.

ఆయన లేడు. పెండ్లి కార్డులు అచ్చేపిచ్చుకున్నోళ్ళు మహానందిలో ఉండారు, వాళ్ళకు ఇచ్చొస్తానని పొద్దున్నే పోయినాడు. సాయంత్రం బస్సుకు గానీ రాడు. ఆయన లేనప్పుడు చూసే నిన్ను రమ్మంటి. ఆయన ఇంట్లో అడుగు పెట్టేలోపల ఈ పని అయిపోవల్ల, నువ్వు నంద్యాల బస్సులో ఉండల్ల.

అన్నకు చెప్పకుండా ఎట్లక్కా అంటాండావా? చెప్తే చెయ్యనిస్తాడా?

నువ్వే పెడితివి కదా దాన్ని. పోయినేడు ఎండలకు సిస్టం ఊరికూరికే ఆగిపోతాందని పిలిస్తే వచ్చి, మదర్‌బోర్డుతో పాటు ఇచ్చిన సీడీ యాడుందక్కా అని అడిగి, అందులోంచి ఏందో ఎక్కిచ్చి, 'అన్నా, లోపల యేడి ఎంతుందో ఇది చూపిస్తాంటాది, అరవై దాటకుండా చూసుకో' అని చెప్పి, టీ తాగి పోతివి. నువ్వు పోయి బస్సెక్కినావు. ఆయన మాత్రం ఆ మాట కాడనే నిలబడిపోయినాడు.

తప్పు నీదని కాదప్పా. డాక్టరు ఒగ మాట చెప్తాడు. ఇంటికి పోయినాక మనిషి దాన్ని ఎట్ల పట్టుకుంటాడో ఆయనకేం తెలుసు?

పొద్దున లేస్తానే ప్రార్థన. అది మా ఇంట్లో ఎప్పుడూ ఉండేదే. ఇంతకు ముందు ప్రార్థన అయినాక నాతో నాలుగు మాటలు మాట్లాడేటోడు, కూరేం చేస్తాండావనో, మీ యమ్మ నుంచి ఫోనొచ్చిందా అనో. ఇప్పుడు ఆమెన్ అంటానే టీ గలాసు పట్టుకోని ఈ గదిలోకొచ్చి సిస్టం ఆన్ చేస్తాడు. అది లేచేంతసేపు ఊపిరి బిగబట్టుకోని చూస్తాడు. ముప్పై తొమ్మిది వచ్చిందంటే 'బాగుంది' అంటాడు. ఎవరితో అంటాడు? నాతో కాదు. నేను ఆడ రొట్టె తడ్తాంటా.

నలభై ఐదుకు చొక్కా గుండీ ఇప్పుతాడు. యాభైకి కిటికీ తెరుస్తాడు, ఎండ గాలి కొడ్తాందని మళ్ళా మూస్తాడు. యాభై ఐదైతే ఇంట్లో ఉండే ఒగే ఒగ టేబుల్ ఫ్యాను మోసుకొచ్చి దాని పక్కన పెడతాడు. నేను పొయ్యి కాడ ఉడికిపోతాంటా. అయ్యా, నేను గూడ మనిషినే కదా అంటే ఏమంటాడో తెలుసునా? 'నువ్వు నోరుండే మనిషివి దెబోరా, యేడైతే చెప్తావు. పాపం, దానికి నోరుందా?'

నోరుండేటోళ్ళందరూ చెప్తారా అప్పా? చెప్పినా ఇనేటోళ్ళుండల్ల కదా.

ఇంగ అరవై అయిందంటే అది కూస్తాదే, పీ పీ అని, అప్పుడు చూడల్ల మా యింటి కత. ఎవరి పని జరుగుతాండనీ, కరపత్రం కానీ, అర్జీ కానీ, 'దీనికి జరమొచ్చింది సారూ, సల్లారినాక రాండి' అని ఆపేస్తాడు. మొదట్లో అందరూ నవ్విరి. యాకోబు కంప్యూటరుకు జరమంట అని బజార్లో చెప్పుకోని నవ్విరి. నవ్వినోళ్ళు నవ్వినట్లే బస్టాండు కాడ ఇంగో డీటీపీ సెంటరుకు పోయిరి. ఆడ ముగ్గురు పిల్లోళ్ళు మూడు సిస్టమ్‌ల మీద కొడ్తాంటారు. వాళ్ళకు లోపల ఎంత యేడుందో, బయట ఎంత ఎండుందో పట్టదు.

లేస్తాండావేంది? నీకేమన్నా తొందరుందా? లేదు కదా. ఇంగొకటి చెప్తా ఇను, బండల సంగతి.

నువ్వు నమ్మవు. బేతంచెర్ల బండ సల్లన, ఔనా కాదా? ఎండాకాలం దాని మీద కాలు పెడితే పానం లేచొస్తాది. మన దిక్కు ఏ ఇంట్లో చూసినా అదే కదా పరిచేది. ఈయన పుట్టి పెరిగింది ఆ బండల్లోనే. మిషను మీద పెట్టి పాలిష్ పట్టేటోడు. ఒగనాడు కూచోని కూచోని, మనుషులకు సల్లగుండేది దీనికెందుకు ఉండదు అన్న్యాడు. బేతంచెర్ల పోయి, పాత జతగాళ్ళను అడిగి, బండలు తెచ్చి, ఈ సీపీయూ చుట్టూ ఇల్లు కట్టినాడు. ఇల్లే అప్పా. అటు బండ, ఇటు బండ, పైన కప్పు. అంచులు నున్నగా రాకి, సందుల్లో సిమెంటు పూసి, ముందర మాత్రం స్విచ్చి నొక్కేదానికి ఇడిసినాడు. పనితనం చూస్తే వంక పెట్టేదానికి లేదు. చూసినోళ్ళంతా సమాధి మాదిరుందని అనుకున్న్యారు గానీ ఆయన ముందర అనలేదు.

దానికి గాలి పోయేది యాడ? నాకే తోచింది, ఆయనకు తోచలేదు. అరవై రెండు, అరవై ఐదు, అట్ల ఎక్కుతానే ఉంది. ఈయన ఏం చేసినాడు? మనం సాయంత్రం మిద్దె మీద నీళ్ళు చల్లుకుంటాం కదా, ఆ మాదిరిగా బండల మీద నీళ్ళు చల్లినాడు. గోనె సంచి తడిపి కప్పినాడు. కరెంటు వస్తువప్పా, నువ్వు చస్తావు, నేను చస్తా అని మొత్తుకున్న్యా. ఇనలేదు. ఎనభై దాటి అదే టక్కున ఆగిపోయింది. స్క్రీను నల్లగా అయిపోతానే ఈయన మొగం చూడల్ల. సుత్తి తెచ్చి, తన చేత్తో కట్టిందాన్ని తనే పగలగొట్టినాడు. ఆ పెద్ద బండ పెరట్లో ఉండాది, దాని మీదనే బట్టలుతుకుతాండా.

నవ్వు, పరవాలేదు. నేనూ నవ్విన్యా అప్పుడు.

నవ్వేదానికి లేకుండా పోయింది సుందరరాజు సారు కాడ. తెలుసు కదా సారు, హైస్కూల్లో తెలుగు చెప్తాడు, మా చర్చిలో సెక్రటరీ. చర్చి కట్టి యాభై ఏండ్లయిందని పుస్తకం ఎయ్యల్లనుకున్న్యారు. యాడికో ఎందుకు పోవల్ల, మన యాకోబు ఉండాడు కదా అని ఈడికే తెచ్చిచ్చె. పాత సంగతులన్నీ ముసలోళ్ళ కాడ కూచోని అడిగి అడిగి రాసుకోనొచ్చినాడు. ఈయనవి రెండు వేళ్ళ టైపింగు, ఆయన పక్కన కూచోని చదువుతాంటే ఒగో పేజీ కొట్టుకుంటా వచ్చినాడు. ఎండాకాలమంతా అదే పని.

ఇంగ ఆఖరు పేజీలకొచ్చిరి. ఆ పొద్దు ఈయన చెయ్యి ఏందో పొరపాటున నొక్కింది. గడియారం పక్కన నూట ముప్పై ఆరు అని వచ్చె. అది వేరే కొలతంటనే, జరం కడ్డీ మీద ఉండే కొలత. యేడి అంతే, అంకె మారిందక్కా అని నువ్వు తర్వాత ఫోన్లో చెప్తివి. మాకేం తెలుసు? నూట ముప్పై ఆరు చూస్తానే ఆయన పెదాలు తెల్లగా అయిపోయె. 'పోతాంది, పోతాంది' అని లేచి, ఒగ్గసారిగా వైరు పట్టి పెరికినాడు.

ఆ పేజ్‌మేకరు ఫైలు మళ్ళా తెరుచుకోనే లేదు. నువ్వూ ఇంగొగ దినం వచ్చి చూస్తివి కదా, రాదక్కా అంటివి.

సారు తిట్టలేదప్పా. తిట్టింటే బాగుండు. కాగితాలన్నీ సర్దుకోని, 'నీకు ఒంట్లో బాగలేనట్లుంది యాకోబూ, రెస్టు తీసుకో' అని పోయినాడు. పుస్తకం నంద్యాలలో అచ్చైంది. ఆదివారం చర్చిలో పంచిరి. ఈయన తీసుకోని, తెరవకుండా బైబిలు కింద పెట్టినాడు.

అందుకే చెప్తాండా. ఇట్లే ఉంటే ఈ సెంటరు మూసుకోవల్ల. మూస్తే ఈయన ఊరికే ఉంటాడా? మళ్ళా బేతంచెర్ల పోతా, మిషను కాడ నిలబడతా అంటాండాడు అప్పుడే. రొమ్ము ఫోటో తీసిన డాక్టరు చెప్పినాడు, ఇంగ ఆ రాతి దుమ్ములోకి పోయినావంటే నాకాడికి రావద్దని. అందుకే కదా ఈ వయసులో టైపింగు నేర్చుకోనొచ్చి ఆళ్ళగడ్డలో బోర్డు పెట్టుకున్న్యాం. ఈసారి ఆ దుమ్ములోకి పోతే నాకు మనిషి దక్కడు మల్లేశా. నాకుండేది ఆ ఒగ్గ మనిషే.

ఏందీ? అరవై అయినా ఏం గాదా? డెబ్బై అయినా తట్టుకుంటాదా? అన్నకు నేను నచ్చజెప్తా అంటావా?

చెప్పు. తల ఊపుతాడు. ఔనప్పా, నువ్వు చదువుకున్నోడివి, నీకు తెలుస్తాది అంటాడు. నువ్వు గడప దాటినాక మళ్ళా దాని ముందర కూచుంటాడు. ఎందుకో నీకు తెలీదు. చెప్పకూడదనుకున్న్యా గానీ, చెప్పకుంటే నేనేదో మొగుని మీద చాడీలు చెప్తాండా అనుకుంటావు.

ఆయన చెయ్యి ఎప్పుడన్నా పట్టుకున్న్యావా? మీసాలు రాకముందు నుంచి బండలు మోసి, నీళ్ళలో రాకి రాకి అరచెయ్యి చెప్పు అట్ట మాదిరి అయిపోయింది. పొయ్యి మీద గిన్నె ఉత్త చేతుల్తో దించుతాడు. కాలదు ఆయనకు. పెండ్లైన కొత్తలో అది చూసి మా చెల్లెండ్లకు గొప్పగా చెప్పుకుంటి.

మాకొగ పాప ఉండె.

నీకు తెలీదులే. ఈ ఊర్లో ఎవరికీ చెప్పలేదు. మమత. నాలుగేండ్లది. అప్పుడు బేతంచెర్లలోనే, పాలిష్ మిషన్ల వెనక ఉండె మా ఇల్లు. మా యమ్మకు పగిడ్యాలలో జబ్బు చేస్తే నేను ఆడికి పోయింటి. పగలు పక్కింటి జీవమ్మ చూసుకునేది పాపను, పొద్దు గూకితే నాయన వస్తాడు.

ఆ పొద్దు ఆయనొచ్చేటప్పటికి పాప పడుకోనుంది. తల నొస్తాంది నాయనా అనింది. ఆయన చేతులు కడుక్కోని, పంచెకు తుడుచుకోని, నుదురు మీద పెట్టి చూసినాడు. మెడ కింద పెట్టి చూసినాడు. ఆయనకు సల్లగానే తగిలింది. ఏం లేదులే తల్లీ, పడుకో అని దుప్పటి కప్పినాడు.

పొద్దున జీవమ్మ జడెయ్యల్లని వచ్చి పాపను ముట్టుకుంది. ముట్టుకోని కేక పెట్టింది. ఈయన పరిగెత్తుకోనొచ్చి మళ్ళా చెయ్యి పెట్టి చూసినాడంట. అప్పుడు గూడ ఆ చేతికి తెలీలేదు మల్లేశా. నాకేం తెలుస్తాండ్లేదు జీవమ్మా, నువ్వు చెప్పు, నువ్వు చెప్పు అని ఆయమ్మను అడుక్కున్న్యాడంట.

బండల లారీ పోతాంటే దాంట్లో ఎక్కిచ్చుకోని నంద్యాల ఆసుపత్రికి తీసకపోయినాడు. నర్సు ఆ కడ్డీ తీసి చూసి, నూట ఐదు అనింది. మెదడుకెక్కిన మలేరియా అని డాక్టరు చెప్పినాడు. ఇంగా ఏమేమో చెప్పినారు. ఈయనకు అవేవీ చెవికెక్కలేదు. ఆ నంబరొక్కటే. 'ఆ నంబరు నాకు ముందే ఎవరన్నా చెప్పింటే' అన్న్యాడు, పాపను పూడ్చిపెట్టి వచ్చినాక. ఆ పొద్దు అనిందే. మళ్ళా ఆ సంగతి మా ఇద్దరి మధ్య రాలేదు. నేను ఆయన్ను ఏమీ అనలేదు, ఏడ్వనూలేదు ఆయన ముందర.

ఇప్పుడు చెప్పు నువ్వు. అట్లాంటి మనిషి ఇంట్లో, పొద్దుగాల నుంచి పొద్దు గూకేదాకా జరం ఎంతుందో చెప్తాండే డబ్బా పెడితివి.

నువ్వు తల వంచుకోవద్దప్పా. నీకేం తెలుసు. కానీయ్, పని కానీయ్.

ఆయనొచ్చి అడిగితే ఏం చెప్తానా? వైరస్ వచ్చిందని చెప్తా. వైరస్ అంటే నమ్ముతాడు. ఫ్లాపీలు ఎవరెవరివో పెడ్తాంటారు కదా, దాంతో వచ్చింది, ఆ నంబరు పోయింది, మల్లేశు గూడ ఏం చెయ్యలేనన్న్యాడు అని చెప్తా. రెండు దినాలు అన్నం తినడు. తర్వాత తింటాడు. అలవాటైపోతాది. దేనికి అలవాటు పడలేదు మేము.

అదే, ఆడనే ఉంటాదా? ఆ లిస్టులోనా? కొట్టు.

ఏందది, నిలబడిపోయింది? ఏమో అడుగుతాందే. ఏమని? నిజంగానే తీసెయ్యల్నా అనా?

ఇదొగటా. ఔనని నొక్కు.

ఆగు. ఒగ్గ నిమిషం ఆగప్పా. చెయ్యి తియ్ దాని మీద నుంచి.

నీకాడ దాచేదేముంది. పొద్దున ఆయన బస్సుకు పోయినాక నేనొచ్చి దీన్ని ఆన్ చేసినా. నీకోసరం కాదు, నువ్వు ఇంగా రాలేదు. ఎంతుందో చూస్తామని. నలభై ఒగటి. బాగుంది అంటి. నా నోటెంట వచ్చింది ఆ మాట, ఇంట్లో ఎవరూ లేరు. రొట్టె చేసుకోని మళ్ళా వచ్చి చూస్తి. నా చేతులకేం కాలేదు, నాకు యేడి తెలుస్తాది, అయినా వచ్చి చూస్తి.

నిన్న మధ్యాన్నం నేను ఆ వాకిట్లో కూచోని బట్టలు మడతేస్తాండా. కరెంటు తక్కువుండి ఫ్యాను ఈడ్సుకుంటా తిరుగుతాంది. యాభై తొమ్మిది ఎక్కింది. ఈయన సీపీయూ పక్క రేకు ఇప్పినాడు. తాటాకు ఇసనకర్ర తెచ్చుకోని దాని ముందర గొంతు కూచున్న్యాడు. చెమట కండ్లలోకి కారుతాంటే తుడుచుకోలేదు. ఇసురుతానే ఉండాడు, ఇసురుతానే ఉండాడు. నేను ఏందీ అవతారం అందామని నోరు తెరిచినా. ఇంతలో యాభై ఎనిమిది అయింది. కొంచేపటికి యాభై ఏడు.

నా దిక్కు తిరిగినాడు. 'తగ్గింది దెబోరా' అన్న్యాడు.

ఆ మొగం నేను చూసి ఏడేండ్లయింది.

పగిడ్యాల నుంచి ఏడ్సుకుంటా వచ్చి ఆ ఆసుపత్రి వరండాలో నిలబన్న్యా నేను. తలుపు తెరుచుకున్నప్పుడంతా ముందుకు పోతి. ఎవరన్నా బయటికొచ్చి ఈ ఒగ్గ మాట అంటారని. తగ్గిందమ్మా అని. డాక్టరు అనలేదు, నర్సు అనలేదు. ఇన్నేండ్లకు ఈయన అన్న్యాడు, ఒగ రేకు డబ్బాను చూపిచ్చి.

బట్టలు తీసుకోని లోపలికి పోయి, గోడకానుకోని శానాసేపు కూచుంటి.

వద్దులే మల్లేశా. లేదని నొక్కు. ఆ కూత ఒగటి ఆపిపో, వచ్చినోళ్ళు బెదరకుండా ఉంటారు. అరవై అని పెట్టింటివే, దాన్ని డెబ్బై ఐదు చెయ్. నంబరు ఉండనీ. గిరాకీ పోతే పోయింది, నేను పొలాల్లో కూలికి పోతా. ఆయన్ను బేతంచెర్ల పోనియ్యను, అది నేను చూసుకుంటా.

బేగా లెయ్, బస్సు టైమైంది. నువ్వొచ్చినట్లు ఆయనకు చెప్పొద్దు.

ఏముందిలే అప్పా. ఆయన ఇసిరితే దిగిన జరం ఇదొక్కటే. ఉండనీ.